రాణీ బొమ్మ రూపాయితో మొదలెట్టండి: ఇంట్లో పెద్దాళ్ల జ్ఞాపకాలకి తేదీలు పట్టుకునే పద్ధతి

ఇంట్లో పెద్దాళ్లని కూర్చోబెట్టి పాత సంగతులు రికార్డ్ చేద్దామని చాలామందికి ఉంటుంది, ఏదో పండక్కి అందరూ కలిసినప్పుడు ఫోన్ తీసి ముందు పెట్టి "అమ్మమ్మా, తాతయ్య గుంటూరు వచ్చింది ఏ సంవత్సరం" అని అడుగుతారు, అక్కడితో కథ కంచికి. ఆవిడేమో "ఏవో నాన్నా, మీ అమ్మ కడుపులో ఉంది అప్పుడు" అంటుంది, పోనీ మీ అమ్మ పుట్టిన తేదీ చూద్దామంటే సర్టిఫికెట్‌లో ఉన్నది బళ్లో వేసేటప్పుడు మాస్టారు రాసిన జూలై 1. మన వైపు సగం మంది జూలై 1నే పుట్టారు కదా, ఆ తేదీ పట్టుకుని ఎక్కడికీ పోలేం.

నేను వాడే దారి వేరు, బ్రిటన్ చరిత్రలో పెద్ద పెద్ద సంఘటనల్ని మేకుల్లా గోడకి కొట్టుకుని మనింటి సంగతులు వాటికి తగిలించడం. నవ్వకండి, బెజవాడలో కూర్చుని ఇంగ్లండు రాణీ గారి గొడవ మనకెందుకు అనిపిస్తుంది గానీ ఆలోచించండి, ఆ తేదీలన్నీ రోజుతో సహా ఖాయంగా తెలుసు, పేపర్లో వచ్చాయి, రేడియోలో చెప్పారు, కొన్నయితే నాణేల మీదే అచ్చేశారు. ఇంకో లాభం కూడా ఉంది. మనూళ్లో జరిగిన వాటి గురించి అడిగితే నలుగురు నాలుగు రకాలుగా కొట్టుకుంటారు, ఎవరి పొలం మునిగింది ఎవరు సాయం చేశారు అని. ఎక్కడో లండన్లో జరిగినదాని మీద మనింట్లో ఎవరికీ పేచీ లేదు, ఆ కబురు తెలిసినప్పుడు ఎక్కడున్నాం, ఏం చేస్తున్నాం అన్నదొక్కటే మిగులుతుంది. మనక్కావాల్సింది అదే.

ముందు మనిషి వయసు చూసి తేదీలు ఏరుకోండి

ఏడెనిమిదేళ్ల వయసు నుంచి కబుర్లు గుర్తుంటాయి అని లెక్కేసుకుని, ఆ మనిషికి పనికొచ్చే నాలుగైదు సంఘటనలు ఒక కాయితం మీద రాసుకోండి, ఇరవై రాసుకుంటే పరీక్ష పెట్టినట్టు ఉంటుంది.

తొంభై దాటిన వాళ్లుంటే మీ అదృష్టం, వాళ్లని రెండో ప్రపంచయుద్ధం దగ్గర పట్టుకోండి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాన్ వాళ్ల చేతికి పోయింది, మార్చి 8న బర్మాలో రంగూన్, మనవాళ్లు రంగం అనేది, అదీ పోయింది. ఇక్కడ "బ్రిటన్ ఓడిపోయింది గుర్తుందా" అని అడిగితే ఏమీ రాదు, "రంగం నించి ఎవరైనా తిరిగొచ్చారా అప్పుడు" అని అడగండి. రంగూన్‌లో మన తెలుగోళ్లు బోలెడంతమంది ఉండేవాళ్లు, కొందరు అడవుల్లోంచి నడిచొచ్చారు, కొన్ని ఇళ్లల్లో వాళ్లు తెచ్చిన లక్కపెట్టె లాంటిది ఏదో ఒకటి ఇంకా ఉంటుంది. అదే ఏడు ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి, ఆ భయానికి సముద్రం పక్క ఊళ్ల వాళ్లు లోపలికి చుట్టాలిళ్లకి వచ్చేశారు, మీ ఇంటికి ఎవరు వచ్చి ఎన్నాళ్లు ఉన్నారో అడగండి. ఇక ఆగస్టు 12న క్విట్ ఇండియా గొడవల్లో తెనాల్లో కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు, రణరంగ చౌక్ అన్న పేరు దానివల్లే. ఒక్క 1942 లోనే ఇన్ని మేకులు ఉన్నాయి, గుంటూరు జిల్లా వాళ్లకైతే ఈ ఒక్క ఏడు మీదే ఒక సాయంత్రం గడిచిపోతుంది.

ఎనభైల్లో ఉన్నవాళ్లకి 1953 భలే పనిచేస్తుంది. మే 29న హిల్లరీ, టెన్సింగ్ ఎవరెస్ట్ ఎక్కారు, అది బ్రిటిష్ వాళ్ల యాత్రే, ఆ కబురు లండన్ చేరేసరికి జూన్ 2, ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం రోజు. మనకేమో అదే ఏడు అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలు, తర్వాతి ఏడు హైకోర్టు గుంటూరులో పెట్టారు. స్కూల్లో టెన్సింగ్ బొమ్మ చూశామని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. రాణి గురించి అడిగితే ముక్క రాదు, టెన్సింగ్ అనగానే క్లాసు టీచరు, ఆయన బెత్తం, పక్కన కూర్చున్న పిల్లాడి పేరు, అన్నీ వరసగా బయటికొస్తాయి.

అరవై డెబ్భైల్లో ఉన్నవాళ్లకి నేనైతే పెళ్లిళ్లు, క్రికెట్టు వాడతాను. చార్లెస్ డయానాల పెళ్లి 1981 జూలై 29, బుధవారం. మన వైపు టీవీలు ఎక్కడివి అప్పుడు, వారపత్రికల్లో వచ్చిన ఫోటోలు చూసి ఆ గౌను వెనక అంత పొడుగు గుడ్డ ఎందుకు వేస్ట్ అని మాట్లాడుకున్న ఆడవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. 1983 జూన్ 25 శనివారం, లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్, మనం 183కి ఆలౌట్, వెస్టిండీస్ 140కి కుప్పకూలింది. మగవాళ్లని అడిగితే స్కోరు గడగడా చెప్పేస్తారు, స్కోరు మనకొద్దు, ట్రాన్సిస్టర్ ఎవరిది, బ్యాటరీలు ఎవరు కొన్నారు, ఆ రాత్రి ఎవరింటి అరుగు మీద పడుకున్నారు, అవి అడగండి. అదే ఏడు నవంబర్లో రాణీ గారు హైదరాబాద్ కూడా వచ్చి వెళ్లింది, అప్పట్లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినవాళ్లు ఇంట్లో ఉంటే ట్రాఫిక్ ఆపేసిన కథ ఒకటి ఉండొచ్చు.

1978 జూలై 25న ఇంగ్లండులో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. ఇది ఆడవాళ్ల దగ్గర చాలా గట్టి మేకు, నోళ్లు నొక్కుకుని మాట్లాడుకున్న కబురు అది. కానీ జాగ్రత్త, పిల్లల్లేని పిన్నో అత్తో పక్కన ఉన్నప్పుడు ఎత్తకండి, విడిగా ఉన్నప్పుడు కూడా వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి, లాగకండి.

కొన్ని మేకులు దిగవు కూడా. 1977లో రాణి పాతికేళ్ల జూబ్లీ అని ఇంగ్లండంతా పండగ చేసుకున్నారు, కృష్ణా జిల్లాలో 1977 అంటే ఎవరికైనా నవంబర్ 19 ఒక్కటే, దివిసీమ ఉప్పెన. దాని ముందు ఇంకేదీ నిలబడదు, అలాంటి చోట ఇంగ్లండు ఊసు ఎత్తకుండా నేరుగా ఉప్పెన గురించే వినండి, మధ్యలో ప్రశ్నలు కూడా వద్దు.

చేతిలో ఒక వస్తువు పెట్టండి

మాటలతో రానిది వస్తువు పట్టుకుంటే వస్తుంది. అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది రాణీ బొమ్మ రూపాయి, చాలా ఇళ్లల్లో పూజ గూట్లో, పసుపు కుంకుమ అంటుకుని, లక్ష్మీపూజకి తప్ప బయటికి రాకుండా ఉంటుంది. ముందు చెప్పాల్సింది, దాన్ని విభూతి పెట్టి రుద్దకండి, చింతపండు అసలే వద్దు, మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవండి చాలు. తర్వాత వెలుగులో పట్టుకుని చూడండి. "విక్టోరియా క్వీన్" అని ఉంటే 1876 కి అటు పక్కది, "విక్టోరియా ఎంప్రెస్" అని ఉంటే 1877 నుంచి 1901 లోపుది, ఎందుకంటే మధ్యలో ఆవిడకి మన దేశానికి చక్రవర్తిని అన్న బిరుదు తగిలించారు. ఆవిడ 1901 జనవరి 22న పోయింది. బట్టతల, గడ్డం, కిరీటం లేని బొమ్మ అయితే ఎడ్వర్డు, 1903 నుంచి 1910 దాకా. కిరీటం పెట్టుకుని గడ్డంతో ఉంటే ఐదో జార్జి. ఈయన 1911 రూపాయి మీద ఛాతీ దగ్గర ఏనుగు బొమ్మ పంది బొమ్మలా ఉందని గొడవైతే మళ్లీ అచ్చు మార్చారు, పాత నాణేలు కొనేవాళ్లు దాన్ని ఇప్పటికీ పంది రూపాయి అనే అంటారు. గడ్డం లేకుండా కిరీటంతో ఉంటే ఆరో జార్జి. 1940 నుంచి యుద్ధం ఖర్చుకి వెండి సగానికి తగ్గించేశారు, 1947 రూపాయిలో వెండే లేదు, నికెల్, వెనక పులి బొమ్మ ఉంటుంది.

వెండి రూపాయి బరువు సరిగ్గా తులం, 11.66 గ్రాములు, కంసాలి దగ్గర తూకం రాయిగా కూడా వాడేవాళ్లు. ఈ ముక్క పెద్దాళ్లకి చెప్పి చూడండి, వెంటనే బంగారం గురించి మొదలెడతారు, ఎవరి పెళ్లికి ఎన్ని తులాలు పెట్టారు, ఎవరి నానుతాడు ఎప్పుడు తాకట్టు పెట్టారు, ఏ షావుకారు దగ్గర, అది విడిపించారా లేదా. మా పెద్దమ్మ దగ్గర ఇలాంటి రూపాయి ఒకటి ఉంది, పైన చిన్న కొక్కెం అతికించి ఉంటుంది, అతుకు దగ్గర వెండి కాస్త నల్లబడి కిరీటం సగం కనపడదు. దాన్ని చేతిలో పెట్టి నేనేమీ అడగలేదు. బొటనవేలితో అటూ ఇటూ తిప్పి, "ఇది మా నాయనమ్మ మెళ్లో నల్లపూసల్లో ఉండేదిరా, మా అత్త పెళ్లికి మిగతావన్నీ కరిగించేశారు, ఇదొక్కటే ఆవిడ ఇవ్వననేసింది" అంది. "అత్త పెళ్లి ఎప్పుడు పెద్దమ్మా" అంటే సంవత్సరం చెప్పలేదు, "రేషన్ బియ్యం ఇచ్చే రోజులు, పెళ్లికి బియ్యం ఎక్కడా దొరక్క జొన్నన్నం పెట్టారని మగపెళ్లివాళ్లు అలిగారు" అంది. యుద్ధం రోజులో, ఆ వెంటనే కొన్నేళ్లో అని అక్కడే తేలిపోయింది, రూపాయి మీద తేదీ మాకు అవసరమే పడలేదు.

నాణెం మీద ఉన్న సంవత్సరాన్ని మాత్రం మనింటి సంవత్సరం అనుకోకండి. అది టంకశాల్లో తయారైన ఏడు, మీ ముత్తాత చేతికి నలభై ఏళ్ల తర్వాత వచ్చుండొచ్చు. జార్జి బొమ్మ నాణేలు స్వతంత్రం వచ్చాక కూడా 1950 దాకా మామూలుగా నడిచాయి, మన సొంత బొమ్మతో రూపాయి అప్పుడే వచ్చింది.

నాణెం లేకపోతే నీలం రంగు ఎయిర్‌లెటర్లు వెతకండి, రేడియో లైసెన్సు పుస్తకం వెతకండి, పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి స్టాంపు వేయించుకునేవాళ్లు, దాని మీద తేదీలు నిక్షేపంగా ఉంటాయి. ట్రంకు పెట్టె అడుగున పరిచిన పాత పేపరు కూడా పారేయకండి, ఆ పేపరు తేదీయే ఆ పెట్టె సర్దిన తేదీ కావచ్చు.

కాస్త తిరగగలిగే వాళ్లయితే ఆటో మాట్లాడుకుని బందరు రోడ్డులో బాపు మ్యూజియంకి తీసుకెళ్లండి. దాని పాత పేరు విక్టోరియా జూబ్లీ మ్యూజియం, రాణి యాభై ఏళ్ల పాలన పండగకి 1887లో పునాది వేశారు. తమాషా చూడండి, రాణి పేరుతో కట్టిన ఆ చోటే 1921లో కాంగ్రెస్ సమావేశాలు జరిగాయి, పింగళి వెంకయ్య గారు జెండా నమూనా గాంధీ గారికి ఇచ్చింది ఆ సమావేశాలప్పుడే. సాయంత్రం పూట బ్యారేజీ మీదకి తీసుకెళ్తే ఇంకా మంచిది. అక్కడ 1855 నాటికి ఇంగ్లీషు ఇంజనీర్లు కట్టిన ఆనకట్ట ఉండేది, 1952లో తెగింది, తర్వాత దాని దగ్గరే బ్యారేజీ కట్టి 1957లో తెరిచారు, ప్రకాశం గారి పేరు పెట్టారు. ఆనకట్ట తెగిన ఏడు ఏం పంట పోయింది అని రైతు కుటుంబం వాళ్లని అడగండి, నీళ్లు చూస్తూ చెప్తారు. గుంటూరులో అయితే అరండల్‌పేట, బ్రాడీపేట అని మనం రోజూ అనే పేర్లు దొరల పేర్లే, ఏ లైనులో ఎవరి ఇల్లు ఉండేది, ముందు ఏ లైను పడింది అని మొదలెడితే చాలు.

అడిగే పద్ధతి

సంవత్సరం అడగకండి, ఎందుకు అని కూడా అడగకండి, "అప్పుడు మీకెలా అనిపించింది" అనే టీవీ యాంకర్ ప్రశ్న అసలు వద్దు, మన పెద్దాళ్లకి దానికి జవాబు ఒకటే, "ఏవనిపిస్తుందమ్మా". వంట గురించి, బట్టల గురించి, ఎవరు పక్కనున్నారు అనే దాని గురించి అడగండి.

డయానా పోయింది 1997 ఆగస్టు 31, ఆదివారం, మనకి పొద్దున్నే తెలిసింది. తర్వాత శుక్రవారం సెప్టెంబర్ 5న మదర్ థెరెసా పోయారు, మర్నాడు డయానా అంత్యక్రియలు. ఆ వారం అంతా ఇంట్లో టీవీ ఆగకుండా నడిచింది. మా పెద్దమ్మని "డయానా పోయినప్పుడు టీవీ ఎవరింట్లో చూశారు" అని అడిగాను. "మనింట్లోనే, కొత్త కలర్ టీవీ కదా, పక్కింటి వాళ్లు కూడా వచ్చారు. ఆ పెట్టె మీద పూలు చూసి నేను ఏడుస్తుంటే మీ పెదనాన్న, ఆవిడెవరో నువ్వెవరో, నీ సొంత ఆడపడుచు పోతే కూడా ఇంత ఏడవలేదు అన్నారు" అంది. ఆ మాటతో ఆడపడుచు సంగతి వచ్చింది, అప్పటిదాకా ఆవిడ గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తి మాట్లాడేవాళ్లు కాదు. పెళ్లయిన రెండేళ్లకే పురిట్లో పోయిందట, పెద్దమ్మకి ఆవిడతో మాటల్లేని రోజుల్లో పోయిందట. నేను డయానా గురించి అడిగాను, నాకు దొరికింది ఇంట్లో ఫోటో కూడా లేని ఒక మేనత్త. ఇలాంటిది వచ్చినప్పుడు మళ్లీ డయానా వైపు లాగకండి, తేదీ పని తేదీ చేసింది, ఇక వదిలేయండి.

ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉంటే ముందు విడివిడిగా రికార్డ్ చేసి, తర్వాత ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టండి. కలిసి కూర్చుంటే పెద్దావిడ చెప్పిందే ఖాయమైపోతుంది, చిన్నావిడ "అక్క చెప్పిందిగా" అని ఊరుకుంటుంది. విడిగా వింటే రెండు కథలు ఉంటాయి, కలిపాక కొట్టుకుంటారు, ఆ కొట్లాటలోనే అసలు వివరాలు పడతాయి.

మధ్యలో తప్పు పట్టకండి. పట్టాభిషేకం రేడియోలో విన్నాను, అప్పుడే బ్యారేజీ మీద నడిచి వెళ్లాం అంటే, బ్యారేజీ పని మొదలైందే 1954లో కదా తాతయ్యా అనకండి, కాయితం మీద చిన్న ప్రశ్నార్థకం వేసుకుని ముందుకెళ్లండి. ఫోన్ చూపించి గూగుల్లో ఇలా ఉంది అన్నారంటే ఇంక ఆ మనిషి మీ ముందు నోరు విప్పడు.

ఇంకో మాట కూడా వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. "దొరల కాలమే నయం, లంచాల్లేవు, రైళ్లు టైముకి వచ్చేవి" అని ఎవరో ఒకరు అంటారు. వాదించకండి, రికార్డ్ కానివ్వండి, తర్వాత మెల్లగా మీ ఊళ్లో శిస్తు ఎవరు వసూలు చేసేవాళ్లు, కట్టలేకపోతే ఏం చేసేవాళ్లు అని అడగండి. 1921-22లో పెదనందిపాడు వైపు ఊళ్లు పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో శిస్తు కట్టం అని కూర్చున్నాయి, చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం మున్సిపాలిటీ పన్ను కట్టం అని ఊరే వదిలి బయట పాకలు వేసుకున్నారు. మీ వాళ్లు ఆ చుట్టుపక్కల వాళ్లయితే జప్తు చేసిన గేదె కథో బిందె కథో తప్పకుండా ఉంటుంది. ఒకే మనిషి నోటి నుంచి రెండూ వస్తాయి, దొరలు నయం అన్నదీ, మా తాత గేదెని తోలుకుపోయారు అన్నదీ. రెండూ ఉంచండి, మీకు నచ్చింది ఉంచుకుని రెండోది కోసేయడం మాత్రం చెయ్యకండి.

1921 సంగతులు ఇప్పుడు చెప్పేవాళ్లు ఎవరూ చూసినవాళ్లు కాదు కాబట్టి నోట్సులో "చూసింది" "విన్నది" అని విడిగా రాసుకోవాలి, విన్నదైతే ఎవరి దగ్గర విన్నారో కూడా.

లండన్ వెళ్లినవాళ్ల ఇళ్లు

గుంటూరు వాళ్లకి ఇది ప్రత్యేకం. 1948 జూలై 5న బ్రిటన్లో అందరికీ ఉచిత వైద్యం అని ఎన్‌హెచ్‌ఎస్ మొదలెట్టారు, డాక్టర్లు చాలక మన దేశం నుంచి పిలిపించుకున్నారు, గుంటూరు మెడికల్ కాలేజీ 1946 నుంచి ఉంది, ఇక్కడ చదివి అక్కడికి వెళ్లినవాళ్లు వీధికొకరు. 1975లో అక్కడ విడిగా పరీక్ష పెట్టాక ఆ జోరు తగ్గింది. వెళ్లిన డాక్టరు గారిని అడిగితే హాస్పిటల్ గురించి, చలి గురించి చెప్తారు, అందరూ చెప్పేదే అది. ఇక్కడ ఉండిపోయిన తమ్ముణ్ణో వదిన గార్నో అడగండి. డబ్బు ఎప్పుడెప్పుడు వచ్చేది, ఆ డబ్బుతో ఏం కొన్నారు అని అడిగితే తేదీలు వాటంతటవే పడతాయి, ఎందుకంటే 1966 జూన్ 6న మన రూపాయి విలువ తగ్గించినప్పుడు 13 రూపాయల చిల్లర ఉన్న పౌండు ఒక్కసారిగా 21 అయింది, మళ్లీ 1967 నవంబర్లో వాళ్లు పౌండు తగ్గించుకుంటే 18కి దిగింది. "అన్నయ్య అంతే పంపాడు కానీ ఇక్కడ ఎక్కువ వచ్చింది, ఆ డబ్బుతోనే మేడ మీద గది వేశాం" అని ఎవరైనా అంటే ఆ గది ఏ ఏడుదో తెలిసిపోయినట్టే.

ఈ తరం వాళ్లకి ఇదే లెక్క బ్రెగ్జిట్‌తో, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ వదిలి రావడంతో పనిచేస్తుంది. 2016 జూన్ 23న ఓట్లు వేశారు, మర్నాడు మనకి పొద్దున కల్లా పౌండు పడిపోతూ ఉంది, కొడుకు ఫీజు కట్టాల్సిన నాన్నలు ఆ రోజంతా ఫోన్లో రేటు చూస్తూ కూర్చున్నారు, ఇంకా పడుతుందేమో ఆగుదాం అని. రిషి సునాక్ బ్రిటన్ ప్రధాని అయ్యేలా పార్టీ నాయకుడిగా గెలిచింది 2022 అక్టోబర్ 24, మన దీపావళి రోజే, ఆ సాయంత్రం మీరెవరింట్లో టపాసులు కాల్చారో మీకే గుర్తుండుంటుంది, అది ఇప్పుడే రాసి పెట్టుకోండి, ఇంకో ముప్పై ఏళ్లకి మిమ్మల్ని అడుగుతారు.

తేదీ సరిపోయిందా లేదా చూసుకోవడం

పెద్దాళ్లు ఇంగ్లీషు సంవత్సరం మర్చిపోయినా తెలుగు సంవత్సరం పేరు చెప్తారు, దాన్ని వదులుకోకండి. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి విజయ అంటే 1953-54, లేదా 2013-14. గుంటూరు వైపు డొక్కల కరువు అని చెప్పుకునేది నందన, 1832-33, అదే నందన 1892లో, మళ్లీ 1952లో వచ్చింది, ఈ రెండోది ఆనకట్ట తెగిన ఏడు. ధాత కరువు 1876లో మొదలైంది, కరువు పేరులోనే ఏడు ఉంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఏడు ఉగాదికి మారుతుంది, కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా పాత పేరే నడుస్తుంది, ఇక్కడే చాలామంది ఒక ఏడు అటూ ఇటూ అవుతారు.

అణాల మాటని పట్టుకుని తేదీ కట్టకండి. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, ఇంగ్లండు వాళ్లు వాళ్ల షిల్లింగుల లెక్క వదిలేసింది 1971లో, మనకన్నా పధ్నాలుగేళ్లు వెనక. కానీ మన జనం పైసలు వచ్చాక కూడా చాలా ఏళ్లు బేడ, అణా, పావలా అనే అన్నారు, పావలా అయితే మొన్నటిదాకా ఉంది. ఇడ్లీ అణా అన్నారంటే 1957 ముందుదే అని రాసేయకూడదు.

రేడియో మాట కాస్త నయం. బెజవాడ స్టేషన్ 1948 డిసెంబర్ 1న మొదలైంది, అంతకుముందు తెలుగులో ఏదైనా విన్నామంటే అది ఎక్కువగా మద్రాసు నుంచే అయ్యుంటుంది, కాబట్టి స్వతంత్రం వచ్చిన రాత్రి బెజవాడ రేడియోలో విన్నాను అంటే రెండు జ్ఞాపకాలు కలిసిపోయాయన్నమాట, రెండూ నిజమే అయ్యుండొచ్చు, విడదీసి అడగండి. ఇంకా అనుమానం ఉంటే ప్రెస్ అకాడమీ వాళ్లు పాత తెలుగు పత్రికలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, ఆ రోజు పేపరు తిరగేసి చూడండి, ఒక్కోసారి పేపరు చూపిస్తే ఇంకో రెండు సంగతులు కూడా గుర్తొస్తాయి.

రికార్డింగ్ సంగతి

ఫ్యాన్ కింద ఫోన్ పెట్టకండి, వినేటప్పుడు గాలి మోత తప్ప ఏమీ ఉండదు. మన ఎండల్లో ఫ్యాన్ ఆపమంటే తిడతారు కాబట్టి ఫోన్ని మనిషి దగ్గరగా, ఒళ్లో దిండు మీద పెట్టండి. సీరియల్ టైములో వద్దు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఓ కునుకు తీసి లేచి కాఫీ తాగిన టైము మంచిది, అరగంటకి మించి సాగదీయకండి, మర్నాడు వాళ్లే పిలిచి "నిన్న ఒకటి చెప్పడం మర్చిపోయాను" అంటారు, అది అసలైన రికార్డింగ్. ఫైలు పేరులో తేదీ, మనిషి పేరు, వరస, ఏ మేకు దగ్గర మొదలెట్టారో రాయండి, "రికార్డింగ్ 14" అని ఉంటే వచ్చే ఏడు మీకే అర్థం కాదు. వాట్సాప్‌లో పంపింది చాలనుకోకండి, ఫోన్ మారినప్పుడు మొదట పోయేవి అవే, అసలు ఫైలు డ్రైవ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంచండి.

కాయితం మీద ఎక్కించేటప్పుడు వాళ్ల మాట వాళ్ల మాటలాగే రాయండి, "మా ఆయన ఎల్లాడు" అంటే "వెళ్లారు" అని దిద్దొద్దు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టేముందు ఒకసారి ఆ మనిషికే వినిపించి ఏది తీసేయాలో అడగండి, పొలం పంపకాలు, తాకట్లు, పాత పెళ్లి గొడవలు ఉంటే అవి కత్తిరించిన కాపీ గ్రూపులోకి, మొత్తం ఉన్నది మీ దగ్గర. మా పెద్దమ్మ రేషన్ బియ్యం పెళ్లి కథ పెట్టమంది, ఆడపడుచు కథ మాత్రం ఆవిడ పిల్లలకి ఫోన్ చేసి చెప్పి, వాళ్లు సరే అన్నాకే పెట్టమంది, వాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు.